మూర్ఛ మాత్ర మెదడులో ఏం చేస్తుందో తెలుసుకొని వాడుకోవడం ఎలా

మూర్ఛకు మందు మొదలుపెట్టినప్పుడు డాక్టరు దాదాపు అందరికీ ఒకే రకమైన జాగ్రత్తలు చెబుతారు: వేళ తప్పకూడదు, చెప్పకుండా మానకూడదు, వేరే మందులు వేసుకునే ముందు అడగాలి, నిద్ర చెడగొట్టుకోకూడదు. ఇవి అందరికీ గుర్తుంటాయి గాని, ఎందుకో తెలియకపోవడం వల్ల, ఆరు నెలలు ఫిట్స్ రాకపోయేసరికి ఒక్కొక్కటిగా సడలిపోతాయి. మందుల కౌంటరు దగ్గర నిలబడి చీటీలు చూసే నాబోటి వారికి ఈ సడలింపు బాగా తెలుసు: నెలకు సరిపడా మాత్రలు తీసుకున్న మనిషి రెండు నెలల తరువాత గాని మళ్లీ కనిపించడు. మాత్ర మెదడులో ఏ పని చేస్తుందో, ఆ పని ఎన్ని గంటలు నిలుస్తుందో అర్థమైతే ఈ జాగ్రత్తలు వాటంతట అవే అలవాటవుతాయని నా నమ్మకం. అందుకే ప్రతి జాగ్రత్తనూ దాని కారణంతో కలిపి రాస్తున్నాను. ఏ మందు, ఎంత మోతాదు అనేది నిర్ణయించవలసింది మీ న్యూరాలజిస్టే. ఆ నిర్ణయాన్ని ఇంట్లో సరిగ్గా అమలు చేసుకోవడానికే ఈ వివరణ.

ముందుగా మెదడులో జరిగే సంగతి

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపలి భాగంలో బయటితో పోలిస్తే దాదాపు 70 మిల్లీవోల్టుల మేర రుణ విద్యుదావేశం ఉంటుంది. కణం పొరలో సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ అయాన్లు రాకపోకలు సాగించడానికి వేర్వేరు ద్వారాలు ఉంటాయి. వీటిని ఛానళ్లు అంటారు. సంకేతం అందగానే సోడియం ఛానళ్లు తెరుచుకుంటాయి, సుమారు ఒక మిల్లీసెకను పాటు సోడియం లోపలికి ప్రవేశిస్తుంది, ఆ వెంటనే ఛానల్ తనంతట తాను మూసుకుపోయి, కొద్ది విరామం తీసుకున్న తరువాతే మళ్లీ తెరుచుకోగల స్థితికి వస్తుంది. ఇలా పుట్టిన విద్యుత్ తరంగం కణం చివరకు చేరినప్పుడు అక్కడి కాల్షియం ఛానళ్లు తెరుచుకొని, చిన్న తిత్తులలో నిల్వ ఉన్న రసాయనం పక్క కణం మీదకు విడుదలవుతుంది. ఆ రసాయనం గ్లుటమేట్ అయితే పక్క కణం ఉత్తేజం పొందుతుంది. గాబా అయితే శాంతిస్తుంది.

ఈ ఉత్తేజానికీ శాంతికీ మధ్య సమతూకం ఒకచోట దెబ్బతిని, వేలాది కణాలు విరామం లేకుండా, ఒక్క లయలో, ఒకేసారి సంకేతాలు పంపడం మొదలుపెడితే దాన్నే మనం ఫిట్స్ అంటున్నాం. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, తలకు గాయం, పక్షవాతం, మన దేశంలో తరచుగా కనిపించే బద్దెపురుగు తిత్తి, పుట్టుకతోనే ఛానళ్ల నిర్మాణంలో ఉన్న తేడా, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. మూర్ఛ మాత్ర మెదడులోని మచ్చను కరిగించదు, జన్యువును సరిచేయదు. రక్తంలో తగినంత మోతాదులో ఉన్నంతసేపు అది ఆ కణాల అతి ఉత్తేజాన్ని అదుపులో ఉంచుతుంది. చెప్పబోయే జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే.

మీ మందు ఏ పద్ధతిలో పనిచేస్తుందో గుర్తించడం

మాత్రల పట్టీ వెనుక కంపెనీ పేరు పెద్ద అక్షరాలలోనూ, అసలు మందు పేరు చిన్న అక్షరాలలోనూ ఉంటాయి. ఎప్టాయిన్ అంటే ఫెనిటాయిన్, టెగ్రిటాల్ అంటే కార్బమజెపైన్, ఎన్‌కోరేట్ అంటే వాల్‌ప్రోయేట్, లెవిపిల్ అంటే లెవెటిరాసెటమ్, ఫ్రిసియం అంటే క్లోబజామ్, గార్డినాల్ అంటే ఫినోబార్బిటాల్. ఈ అసలు పేరునూ, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో ఆ అంకెనూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెబితే వారికి ఏమీ తెలియదు.

ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, లామోట్రిజిన్, లాకోసమైడ్ సోడియం ఛానళ్ల మీద పనిచేస్తాయి. వీటి పనితీరు తెలిసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే కలుగుతుంది. సోడియం ఛానళ్లన్నిటినీ మూసేస్తే మనిషి ఆలోచించలేడు, కదలలేడు. ఈ మందులు అలా చేయవు. ఒకసారి తెరుచుకొని మూసుకుపోయి విరామంలో ఉన్న ఛానల్‌కు ఇవి అతుక్కొని ఆ విరామాన్ని పొడిగిస్తాయి. మామూలుగా, అడపాదడపా సంకేతాలు పంపే కణంలో ఛానళ్లకు విరామం ఎలాగూ దొరుకుతుంది కాబట్టి ఆ కణం పని పెద్దగా చెడదు. సెకనుకు వందలసార్లు సంకేతాలు పంపాలని చూసే కణం మాత్రం ఎంత వేగంగా పనిచేస్తే అంత ఎక్కువగా మందుకు చిక్కుతుంది. 1938లో అమెరికాలోని బోస్టన్ నగరంలో హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పట్నమ్ అనే వైద్యులు ఫెనిటాయిన్ ప్రయోజనాన్ని లోకానికి చూపించారు. అంతవరకూ వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ ఫిట్స్‌ను ఆపుతూనే మనిషిని మత్తులో ఉంచేది. అంత మత్తు లేకుండా ఫిట్స్ ఆపవచ్చని నిరూపించడమే వారి గొప్పతనం.

ఫినోబార్బిటాల్, క్లోబజామ్, లోరాజెపామ్, మిడాజోలామ్ గాబా వైపు నుంచి పనిచేస్తాయి. గాబా వచ్చి తన గ్రాహకం (కణం పొర మీద దాన్ని పట్టుకునే చోటు) మీద కూర్చున్నప్పుడు క్లోరైడ్ ద్వారం తెరుచుకొని కణం లోపలి రుణావేశం పెరుగుతుంది, దానితో కణం తేలికగా ఉత్తేజం పొందదు. క్లోబజామ్ వంటివి ఆ ద్వారం మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. ఫినోబార్బిటాల్ తెరుచుకున్న ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మత్తు, మగత ఈ మందులలో ఎక్కువ కావడానికి కారణం ఇదే, ఎందుకంటే గాబా మెదడంతటా ఉన్న రసాయనం.

లెవెటిరాసెటమ్ దారి వేరు. అది రసాయన తిత్తుల మీద ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు అతుక్కొని, అతిగా పనిచేస్తున్న కణం నుంచి రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. 1999లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అది అతుక్కునే చోటు ఏదో పరిశోధకులు 2004లో గాని కనిపెట్టలేకపోయారు. ఇది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కాబట్టి ఇతర మందులతో గొడవ తక్కువ, అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ ఒకే చోట కాక పలుచోట్ల పనిచేస్తాయి. ఇథోసక్సిమైడ్ మెదడు నడిమి భాగమైన థలామస్‌లోని ఒక రకం కాల్షియం ఛానళ్లను అదుపు చేస్తుంది. ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే ఆబ్సెన్స్ మూర్ఛలో ఆ ఛానళ్లదే ప్రధాన పాత్ర.

ఇది తెలిస్తే, పక్కింటివారికి పనిచేసిన మాత్ర మనకెందుకు రాయలేదనే ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ మెదడులో ఒక చోట మొదలయ్యే మూర్ఛకు మంచి మందులు; కాని ఆబ్సెన్స్ మూర్ఛనూ, పొద్దున్నే చేతులు ఉలిక్కిపడే మయోక్లోనిక్ మూర్ఛనూ అవే ఎక్కువ చేయగలవు. అందువల్ల ఫిట్స్ ఎలా మొదలయ్యాయి, కళ్లు ఎటు తిరిగాయి, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, తెలివి ఎంతసేపటికి వచ్చింది అన్న వివరాలు డాక్టరుకు ఎంతో అవసరం. వీలైతే ఫోనులో వీడియో తీయండి. మందు ఎంపికకు ఆ అర నిమిషం వీడియో ఎంతగానో తోడ్పడుతుంది.

వేళ ఎందుకు తప్పకూడదు

మింగిన మందు రక్తంలోకి చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లి, కాలేయం లేదా మూత్రపిండాల ద్వారా క్రమంగా బయటకు పోతుంది. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. పెద్దలలో లెవెటిరాసెటమ్ అర్ధాయువు 6 నుంచి 8 గంటలు. పొద్దున 8 గంటలకు వేసుకున్న మాత్ర రాత్రి 8 గంటలకు సగం కంటే తక్కువకు దిగిపోతుంది. ఆ రాత్రి మాత్ర మరచిపోతే తెల్లవారేసరికి మెదడుకు రక్షణ దాదాపు లేనట్టే. అందుకే దాన్ని మామూలుగా రోజుకు రెండుసార్లు, వీలైనంతవరకు 12 గంటల ఎడంతో ఇస్తారు. "పొద్దున, రాత్రి" అని చీటీలో ఉంటే పొద్దున 10కి ఒకటి, సాయంత్రం 6కి ఒకటి వేసుకోవడం సరికాదు. ఫినోబార్బిటాల్ అర్ధాయువు మూడు నాలుగు రోజులు కాబట్టి రాత్రి ఒక్క మాత్ర సరిపోతుంది.

రక్తంలో మందు నిలకడ స్థాయికి చేరడానికి సుమారు ఐదు అర్ధాయువుల కాలం పడుతుంది. లెవెటిరాసెటమ్‌కు అది రెండు రోజులలోపే. ఫినోబార్బిటాల్‌కు రెండు మూడు వారాలు. ఈ లెక్క తెలియక, నాలుగు రోజులు వాడి ఫలితం లేదని మందు మార్చేవారు ఉన్నారు. కార్బమజెపైన్ విషయంలో మరో విశేషం ఉంది: మొదటి కొద్ది వారాలలో అది కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైములను తానే ప్రేరేపించి, తన విసర్జన వేగాన్ని తానే పెంచుకుంటుంది. కాబట్టి నెల తరువాత డాక్టరు మోతాదు పెంచితే జబ్బు ముదిరిందని బెంగపడనక్కరలేదు.

ఒక వేళ తప్పితే, గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవడం సాధారణ నియమం. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే రెండూ కలిపి ఒకేసారి మింగవద్దు. మాత్ర మింగిన కాసేపటికే వాంతి అయితే ఏం చేయాలో ముందుగానే డాక్టరును అడిగి పుస్తకంలో రాసుకోండి. వారం రోజుల అరలున్న మాత్రల డబ్బా కొనుక్కుంటే, వేసుకున్నామా లేదా అనే సందేహం ఉండదు. కార్తీక సోమవారమైనా, రంజాన్ రోజా అయినా ఉపవాసం పేరుతో మాత్ర మానకూడదు. వేళలు ఎలా సర్దుకోవాలో ఉపవాసాలకు ముందే డాక్టరుతో మాట్లాడాలి. శివరాత్రి జాగరణ మూర్ఛ ఉన్నవారికి తగదు, ఎందుకంటే నిద్ర లేని మెదడులో ఉత్తేజం పెరిగి, మందు ఉన్నా ఫిట్స్ తేలికగా వస్తాయి.

ఫెనిటాయిన్ వాడేవారికి ప్రత్యేకంగా

ఈ మందు గురించి కొంచెం విడిగా చెప్పక తప్పదు. చౌకగా, చాలాకాలంగా, ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా దొరికే మందు కావడం వల్ల దీన్ని తేలికగా తీసుకుంటారు. ఫెనిటాయిన్‌ను విడగొట్టే కాలేయపు ఎంజైముకు ఒక పరిమితి ఉంది. చెరువులోకి వచ్చే నీరు తూము సామర్థ్యానికి లోబడి ఉన్నంతవరకు మట్టం నిలకడగా ఉంటుంది. ఆ సామర్థ్యాన్ని మించితే, అదనంగా వచ్చిన కాస్త నీటికే మట్టం రోజురోజుకూ పెరిగిపోతుంది. ఫెనిటాయిన్ కూడా అంతే. 300 మిల్లీగ్రాముల నుంచి 400కు పెంచితే రక్తంలో స్థాయి మూడో వంతు మాత్రమే పెరగాలని లెక్క చెబుతుంది గాని, అది రెట్టింపు కూడా కావచ్చు. రక్తంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. అది దాటితే కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తాగి వచ్చాడని పొరబడేలా ఉంటుంది ఆ తూలు. అటువంటప్పుడు రక్తపరీక్ష చేయించాలి.

పిల్లలకు ఇచ్చే ఫెనిటాయిన్ ద్రవంలో మందు కరిగి ఉండదు, రేణువులుగా తేలుతూ ఉంటుంది. సీసాను కదపకుండా ఉంచితే ఆ రేణువులు అడుగున పేరుకుంటాయి. ప్రతిసారీ బాగా కుదపకుండా పోస్తే మొదటి రోజులలో బిడ్డకు పలచని పైనీరు, సీసా అయిపోయే రోజులలో చిక్కటి మందు అందుతాయి. మొదట ఫిట్స్ వస్తాయి, చివర తూలు వస్తుంది, మోతాదు మాత్రం ఒక్కటే. కొలతకు వంటింటి చెంచా వాడవద్దు. సీసాతో వచ్చిన కొలగిన్నె గాని, సూది లేని సిరంజి గాని వాడండి. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడేవారు వీలైనంతవరకు ఒకే కంపెనీ మందు కొనసాగించడం మేలు. నిదానంగా విడుదలయ్యే రకం మాత్రలను నూరకూడదు, నమలకూడదు. సగానికి విరవవచ్చో లేదో కొనేటప్పుడే అడగండి.

ఇతర మందులతో కలిసినప్పుడు

ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కాలేయపు ఎంజైములను చురుకుగా చేస్తాయి. దానితో గర్భనిరోధక మాత్రలు త్వరగా విడిపోయి పనిచేయకుండా పోవచ్చు. వాల్‌ప్రోయేట్ ఎంజైములను మందగింపజేసి లామోట్రిజిన్ స్థాయిని రెట్టింపు చేయగలదు. రెండూ కలిపి ఇచ్చేటప్పుడు లామోట్రిజిన్‌ను మరీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టేది అందుకే. క్షయ మందులలో ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్ స్థాయిని పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. క్లారిత్రోమైసిన్ వల్ల కార్బమజెపైన్ పెరుగుతుంది. ఆసుపత్రిలో మెరోపెనమ్ ఇంజెక్షను పడితే వాల్‌ప్రోయేట్ స్థాయి బాగా పడిపోతుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, విరేచనాలకు అడిగి కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్ ఫిట్స్‌ను రేకెత్తించగలవు. జ్వరానికో జలుబుకో మందుల దుకాణానికి వెళ్లినప్పుడు "మూర్ఛకు మందు వాడుతున్నాను" అన్న మాట ముందుగా చెప్పండి.

వెంటనే డాక్టరును కలవవలసిన లక్షణాలు

కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలలలో ఒంటిమీద దద్దుర్లు, వాటితోపాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల ఎరుపు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగానైనా అది చర్మం ఊడిపోయే ప్రాణాంతక పరిస్థితికి దారితీయవచ్చు. లామోట్రిజిన్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచడం ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే, కాబట్టి తొందరపడి సొంతంగా పెంచుకోవద్దు. వాల్‌ప్రోయేట్ వాడే పిల్లలకు వాంతులు, విపరీతమైన మగత, కామెర్లు వస్తే కాలేయాన్ని పరీక్షించాలి. లెవెటిరాసెటమ్ మొదలైన తరువాత మనిషి చిరాకుగా, కోపంగా, దిగులుగా మారితే అది స్వభావదోషం అనుకోకండి. మందు ప్రభావం కావచ్చు, మార్చుకునే వీలుంది. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు వాస్తాయి, పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే కొంత తగ్గుతుంది.

గర్భం ధరించే వయసులో ఉన్న అమ్మాయిలకు వాల్‌ప్రోయేట్ విషయం మొదటి రోజే తెలియాలి. గర్భంలో ఆ మందు పడిన పిల్లలలో సుమారు 10 శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి మానసిక ఎదుగుదల సమస్యలు వస్తున్నాయి. పెళ్లి సంబంధం కుదిరిన తరువాత భయపడి రహస్యంగా మందు మానేయడం అన్నిటికంటే ప్రమాదకరం. గర్భానికి ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి, వీలైతే మరో మందుకు మారి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. గర్భిణిగా ఉన్నప్పుడు లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ స్థాయిలు పడిపోతాయి కాబట్టి మోతాదు పెంచవలసి రావచ్చు. చాలామంది తల్లులు మందు వాడుతూనే ఆరోగ్యవంతమైన బిడ్డలను కంటున్నారు.

ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో వాడే మందు

ముందుగా గడియారం చూడండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి బట్ట పెట్టండి. నోట్లో చెంచా, వేళ్లు, నీళ్లు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళంచెవి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాలలో వాటంతట అవే ఆగుతాయి. ఐదు నిమిషాలు దాటితే మిడాజోలామ్ ముక్కు స్ప్రేను డాక్టరు రాసిచ్చినన్ని సార్లు కొట్టి, 108కు ఫోను చేయాలి. ఐదు నిమిషాలే ఎందుకంటే, ఫిట్స్ కొనసాగేకొద్దీ కణం పైపొర మీద ఉండే గాబా గ్రాహకాలు లోపలికి కుంగిపోతాయి, మిడాజోలామ్ పట్టుకోవలసిన చోటే తగ్గిపోతుంది. అదే మందు ఐదో నిమిషంలో పనిచేసినంతగా అరగంట తరువాత పనిచేయదు. స్ప్రే మీది గడువు తేదీ అప్పుడప్పుడు చూస్తూ ఉండండి, పిల్లవాడి బడిలో కూడా ఒకటి ఉంచండి.

దక్షిణ భారతదేశంలో ఎక్కువగా కనిపించే ఒక రకం మూర్ఛ తలమీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు వస్తుంది. ఇటువంటివారికి నీళ్ల వేడి తగ్గించడంతోపాటు, తలంటుకు గంటన్నర రెండు గంటల ముందు క్లోబజామ్ వేసుకోమని డాక్టర్లు చెబుతుంటారు. నీళ్లు పోసుకునే వేళకు గాబా వైపు రక్షణ సిద్ధంగా ఉండాలన్నది ఉద్దేశం. కొందరికి ఇంతే సరిపోతుంది, రోజూ మాత్ర అవసరం ఉండదు.

మందుకు లొంగకపోతే, మందు మానవలసి వస్తే

పాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రాడీ స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు మందు వాడని రోగులలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందుతో మరో 13 శాతం మందికి ఆగాయి. మూడో మందుతో గాని, మందుల కలయికతో గాని ఆగినవారు 4 శాతమే. కాబట్టి సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు, చాలినంత మోతాదులో, వేళ తప్పకుండా వాడినా ఫిట్స్ వస్తుంటే ఏళ్ల తరబడి మాత్రలు మారుస్తూ కూర్చోవద్దు. హైదరాబాదు నిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర, ఢిల్లీ ఎయిమ్స్ వంటి ఆసుపత్రులలో వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష), ఎంఆర్ఐ చేసి, ఫిట్స్ పుట్టే చోటు ఒక్కటే అయి, తొలగించడానికి వీలుగా ఉంటే శస్త్రచికిత్స సూచిస్తారు. పిల్లలకు కొవ్వు ఎక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం మరో మార్గం, అది కూడా ఆసుపత్రి పర్యవేక్షణలోనే.

కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా రాకపోతే మందు తగ్గించే విషయం డాక్టరుతో మాట్లాడవచ్చు. ఎంఆర్ఐలో మచ్చ ఉన్నవారికి, కౌమారంలో మొదలయ్యే మయోక్లోనిక్ మూర్ఛ ఉన్నవారికి మానేస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఒక్కసారిగా మానితే, ముఖ్యంగా ఫినోబార్బిటాల్, క్లోబజామ్ మానితే, ఇన్నాళ్లూ మందు అండతో పనిచేసిన గాబా వ్యవస్థ వెంటనే తేరుకోలేదు, ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. అందువల్ల నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఏ తేదీ నుంచి ఎన్ని మిల్లీగ్రాములు తగ్గించాలో డాక్టరు చేత రాయించుకోండి. తగ్గిస్తున్న కాలంలోనూ, ఆపిన తరువాత మొదటి ఆరు నెలలూ బండి నడపకండి, చెరువులోనో కాలువలోనో ఈతకు దిగకండి, డాబా అంచున నిలబడి పనులు చేయకండి. మిడాజోలామ్ స్ప్రే మాత్రం ఇంట్లో ఉండనివ్వండి.